బొంత మీద కవితలు చాలు

అమ్మ చీరల బొంత మీద తెలుగులో వచ్చిన కవితలన్నిటినీ పక్కపక్కన పరిచి అంచులు కలిపి కుడితే రెండు రాష్ట్రాలకీ కప్పొచ్చు. వెచ్చగా మాత్రం ఉండదు. నేను చదివినంతలో ఆ కవితల్లో అమ్మ ఉంటుంది, అమ్మ వాసన ఉంటుంది, కొంగు చివర దాచుకున్న కన్నీళ్లుంటాయి, ప్రతి కుట్టూ ఒక జ్ఞాపకమై కూర్చుంటుంది. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎంత దూరం వదలాలో ఉండదు. ఎన్ని పొరలో ఉండదు. ఏ చీర పైకి రావాలి, ఏది లోపలికి పోవాలి, ఎందుకు పోవాలి, అదీ ఉండదు.

“కవితలో కుట్టు కొలతలేంటమ్మా, అదేమన్నా టైలరింగ్ పుస్తకమా?” అని ఒక ఆన్‌లైన్ సాహిత్య సమావేశంలో ఒక పెద్దాయన నన్ను అడిగారు. కాదు సార్. కవితలో కొలతలు లేవని కాదు నా గొడవ. కవిత బయట బొంతకి ఎక్కడా చోటు లేకుండా పోయిందని. బొంత గురించి మాట్లాడాలంటే గొంతు గద్గదం చేసుకోవడం ఒక్కటే పద్ధతి అన్నట్టు తయారైందని. ఏ వస్తువు గురించైనా అలా ఒక్క స్వరంలోనే మాట్లాడుతున్నామంటే, దాన్ని చేయడం మనకి రాకుండా పోతోందని అనుమానించాల్సిందే.

నాకీ పట్టుదల రావడానికి కారణం చాలా లౌకికమైంది. నాకు చలి.

నేనుండేది నార్త్ కరోలినాలో. శని, ఆదివారాలు వీలైనప్పుడు పడమటి వైపు అపలాచియన్ కొండల్లోకి పోయి, రెండు చెట్ల మధ్య గుడ్డ ఉయ్యాల కట్టుకుని పడుకుంటాను. హామక్ అంటారు. మాట కరీబియన్ దీవుల తైనో జనానిది, స్పానిష్ వాళ్ల నోట హమాకా అయి ఊళ్లు తిరిగింది. మనకేం కొత్త కాదు, చంటిపిల్లల్ని చీర ఉయ్యాలలో పడుకోబెట్టిన జాతే మనది. రాళ్లూ వేర్లూ నడుముకి గుచ్చుకోవు, నేల పల్లమో మిట్టో చూసుకోనక్కర్లేదు. ఒక్కటే ఇబ్బంది. చలి పైనుంచి రాదు, కిందనుంచి వస్తుంది. 20 డిగ్రీల రాత్రి కూడా, కాస్త గాలి వీచిందంటే వీపు మంచులో పెట్టినట్టు అవుతుంది.

దీనికి పరిష్కారం లావుపాటి స్లీపింగ్ బ్యాగ్ కాదు. ఇక్కడే అసలు విషయం ఉంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. మనల్ని వెచ్చగా ఉంచేది గుడ్డ కాదు, దూది కాదు, ఈకలు కూడా కాదు. వాటి సందుల్లో కదలకుండా నిలబడిన గాలి. దూదిలో, బాతు ఈకల నూగులో, పాలిస్టర్ పోగుల్లో ఉన్న గొప్పతనమంతా గాలిని పట్టి ఉంచడమే. ఉయ్యాలలో పడుకుంటే మన బరువంతా వీపు కింద ఉన్న దూదిని నొక్కేస్తుంది. నొక్కితే గాలి పోతుంది. గాలి పోతే అది ఉత్త గుడ్డ. అందుకని ఉయ్యాల వాళ్లు ఒక ఉపాయం పట్టారు. వెచ్చటి పొరని ఉయ్యాల లోపల కాకుండా బయట, కింద వేలాడదీయడం. మన బరువు దాని మీద పడదు, దాని పొంగు దానికుంటుంది. అమెరికన్లు అండర్‌క్విల్ట్ అంటారు. నేను కింది బొంత అంటాను.

కొనుక్కోవచ్చు. నాలుగు వారాలాగితే ఇంటికొస్తుంది, రెండు వందల డాలర్ల పైమాటే. కానీ ఇక్కడ సొంతంగా కుట్టుకునే వాళ్ల సంప్రదాయం ఒకటి గట్టిగా ఉంది. 1955లో ఎమా గేట్‌వుడ్ అనే ఒహాయో రైతు స్త్రీ, 67 ఏళ్ల వయసులో, పదకొండుమంది పిల్లల తల్లి, రెండు వేల మైళ్ల పైచిలుకు అపలాచియన్ ట్రెయిల్‌ని ఒక్కతే నడిచేసింది. భుజాన తను కుట్టుకున్న డెనిమ్ గుడ్డసంచీ, అందులో ఒక దుప్పటి, వానకి బాత్‌రూమ్ కర్టెన్. తర్వాత రే జార్డిన్ అనే కొండలెక్కే ఇంజనీరు 1992లో తెచ్చిన పుస్తకంతోనూ ఆ తర్వాతి పుస్తకాలతోనూ స్లీపింగ్ బ్యాగ్‌ని దాదాపు పరువు నష్టం దావాలాగా ఎదుర్కొన్నాడు. వీపు కింద నలిగే దూది ఎలాగూ పనిచేయదు, దాన్ని మోయడమెందుకు, పైన కప్పుకునే బొంత చాలదా అని వాదించి, జనం ఇంట్లో కుట్టుకోవడానికి గుడ్డా దూదీ కొలతలూ కలిపి కిట్లు అమ్మాడు.

నేను చేసింది చెప్తాను. 76 అంగుళాల పొడవు, 48 అంగుళాల వెడల్పు. లోపల క్లైమాషీల్డ్ ఎపెక్స్ అనే పాలిస్టర్ పరుపు, చదరపు గజానికి 5 ఔన్సులది. నీళ్లు గడ్డకట్టే చలి దాకా ఆగుతుందని మామూలుగా లెక్కేస్తారు. 76ని 48తో గుణించి 1296తో భాగిస్తే 2.8 చదరపు గజాలు, అంటే 14 ఔన్సులు, 400 గ్రాములు. పైనా కిందా పలచటి రిప్‌స్టాప్ నైలాన్ రెండు పొరలు, ఇంకో 160 గ్రాములు. తాళ్లతో కలిపి ఆరువందల గ్రాముల లోపు. మూడు సోనా మసూరి గ్లాసుల బరువు. ఎపెక్స్‌తో ఒక సుఖం ఉంది. పోగులు తెగకుండా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి మధ్యలో కుట్లు అక్కర్లేదు, అంచుల చుట్టూ కుడితే చాలు. బాతు నూగుతో అలా కుదరదు. గళ్లు కట్టకపోతే అంతా ఒక మూలకి జారిపోతుంది. గళ్ల కోసం పైగుడ్డనీ కిందిగుడ్డనీ కలిపి తిన్నగా కుట్టేస్తే, ఆ కుట్టు వెంట మందం సున్నా అవుతుంది, చలి ఆ గీత పట్టుకుని లోపలికొస్తుంది. అందుకని రెండు గుడ్డల మధ్య సన్నటి జాలీ గోడలు నిలబెట్టి కుడతారు. ఆ పని మొదలుపెడితే మీకు వేరే వ్యాపకాలు ఉండవు.

ఇక ఆకారం. బల్లపరుపు గుడ్డని వంకీ తిరిగిన ఉయ్యాల కింద కడితే మూలల దగ్గర నోళ్లు తెరుచుకుంటాయి, గాలి ఈలేసుకుంటూ దూరుతుంది. నాలుగు మూలల్లో నాలుగు డాట్లు వేయాలి. జాకెట్టుకి డాట్లు వేస్తాం చూడండి, అచ్చం అదే. పొడవు అంచుల్లో నేఫా మడిచి, సాగే తాడుని లంగాలోకి నాడా ఎక్కించినట్టే పిన్నీసుతో ఎక్కించాలి. ఇంగ్లీషులో వీటన్నిటికీ పేజీల కొద్దీ వివరణలున్నాయి, బొమ్మలున్నాయి, డిగ్రీలున్నాయి. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. డాట్ ఎక్కడ మొదలవ్వాలో, నాడా నేఫాలో ఎందుకు మెలిపడుతుందో మా ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఎవరూ రాయమనీ అడగలేదు.

మగవాడు నైలాన్ మీద కుడితే గేర్, ఆడది చీర మీద కుడితే మమకారం. నా పేచీ అంతా ఇక్కడ. ఇంజనీరు చదరపు గజానికి ఔన్సులు లెక్కేస్తే విజ్ఞానం. మా పెద్దమ్మ వేళ్లతో బెత్తెలు కొలిస్తే ప్రేమ. ప్రేమ అన్నాక ఇక దాన్ని నేర్చుకోవాల్సిన పని లేదు, రాసుకోవాల్సిన పని లేదు, కూలి కట్టాల్సిన పని అసలే లేదు. ఒక పనిని నేర్చుకోకుండా, దానికి డబ్బివ్వకుండా పొగడటానికి మనం కనిపెట్టిన అతి చవకైన మార్గం దాన్ని అమ్మ చేతి స్పర్శ అనడం.

కింది బొంతకి గుడ్డ కత్తిరించే ముందు పెద్దమ్మకి ఫోన్ చేశాను. జగిత్యాల దగ్గర పల్లె. ఎన్ని బొంతలు కుట్టిందో ఆమెకే లెక్క లేదు.

“పెద్దమ్మా, బొంతకు కుట్టుకూ కుట్టుకూ నడుమ ఎంత జాగ ఇడుస్తవ్?”

“ఎవల బొంతకు?”

“ఎవలదైతే ఏంది?”

“గట్లెట్లయితది బిడ్డా? పసిపోరగాని బొంతయితే బెత్తెడు గూడ ఎక్కువనే. వాడు ఉచ్చ పోస్తడు, దినాం ఉతుకుతం. కుట్టు దూరం పడితే లోపలి పాతలన్ని ఒక్కకాడ ఉండ కడ్తయ్. ముసలోళ్లదయితే జానెడు ఇడుస్త. వాళ్లకు సలి. కుట్టు పడ్డకాడ బట్ట అణుగుతది, అణిగినకాడ సలి దూరుతది.”

జాలీ గోడలు కట్టేవాళ్లు పేజీలు పేజీలు రాసుకున్న సమస్య ఇదే. దగ్గర కుడితే ఉతుకుడికి ఆగుతుంది, వెచ్చదనం తగ్గుతుంది. దూరం కుడితే వెచ్చగా ఉంటుంది, ఉతికితే చెదురుతుంది. రెండిట్లో ఏది ఎంత వదులుకోవాలన్నది కప్పుకునే మనిషిని బట్టి. పెద్దమ్మ మొదట అడిగిన ప్రశ్నే ఈ విద్యకి తాళంచెవి, ఎవల బొంతకు అని. మన కవితల్లో బొంత ఎప్పుడూ ఒకటే బొంత. ఆమె దగ్గర పసివాడి బొంత వేరు, ముసలాయన బొంత వేరు, పరుపు మీద వేసే బొంత వేరు, ఎడ్లబండిలో పరిచే బొంత వేరు. “ఇది మస్తు సైన్స్ పెద్దమ్మా” అంటే, “సైన్సో గీన్సో నాకేమెర్క. పొయ్యి మీద పప్పున్నది, పెడ్తున్న” అని ఫోన్ పెట్టేసింది.

పొంగు అన్నాను ఇందాక. ఇంగ్లీషులో లాఫ్ట్ అంటారు. బాతు నూగుకి దాన్ని ఫిల్ పవర్ పేరుతో కొలుస్తారు. 800 అంటే ఒక ఔన్సు నూగు 800 ఘనపుటంగుళాల చోటు నింపుతుందని. దీన్ని అంకెలు లేకుండా చేతుల్లో పెట్టుకున్న మనుషులు మన వీధుల్లోనే తిరిగేవాళ్లు. దూదేకులవాళ్లు. పెద్ద విల్లు భుజానేసుకుని వచ్చి, అణిగి రాయైపోయిన పరుపు విప్పించి, నారి మీద ఆ దూదిని మీటుతుంటే వీధంతా మోగేది. గంట తిరక్కుండా ఆ దూది మూడింతలై గదంతా తేలేది. వాళ్లు అమ్మింది దూది కాదు, దూదిలోకి తిరిగి ఎక్కించిన గాలి. ఆ పనే ఒక జనం పేరైంది. ఆ విల్లు పొడవెంత, నారి ఏ నరంతో చేస్తారు, దూది తడిగా ఉంటే ఏం చేస్తారు? మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి కథ రాయకండి, వ్యాసం రాయండి.

మనకి రాసుకునే అలవాటు లేదని సర్దుకోవడానికి కూడా లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం పని మొదలై, 1962లో వ్యవసాయ పదాల సంపుటం వచ్చింది, 1971లో చేనేత పదాలది. నాగలిలో ఒక్కో కర్రకి జిల్లాకో పేరు, మగ్గంలో ఒక్కో పుల్లకి ఊరికో పేరు, బొమ్మలతో సహా. ప్రపంచంలో ఏ భాష వాళ్లైనా గర్వపడే పని. కానీ ‘వృత్తి’ అని గీత గీశాక బొంత ఏ వైపు పడుతుంది? అది ఎవరి వృత్తీ కాదు. పొద్దంతా కూలికి పోయొచ్చి, వంట చేసి, అందరూ పడుకున్నాక దీపం దగ్గర కుట్టేది. జీతం లేని పనికి పదకోశం రాదు, కవితే వస్తుంది.

అమెరికాలోనూ ఇదే జరిగింది, ఇంకొంచెం ఖరీదుగా. అలబామాలో జీస్ బెండ్ అని నది వంపులో ఒక నల్లజాతి పల్లె. అక్కడి ఆడవాళ్లు చిరిగిన పొలం బట్టలతో, ప్యాంటు కాళ్లతో, చలి దూరే ఇళ్లలో పిల్లలకి కప్పడానికి క్విల్టులు కుట్టారు. 2002లో అవి హ్యూస్టన్ మ్యూజియం గోడలెక్కాయి, అదే ఏడు న్యూయార్క్‌కి వెళ్లాయి. 2006లో తపాలా బిళ్లలయ్యాయి. విమర్శకులు వాటిని ఆధునిక నైరూప్య చిత్రాల సరసన నిలబెట్టారు. ఆ గౌరవం ఆ స్త్రీలకి రావాల్సిందే, ఇంకా ముందే రావాల్సింది. కానీ గోడకి తగిలించిన క్విల్టుని కళ్లతోనే చూస్తాం. దాని మందం చేతికి తెలియదు. ప్యాంటు మోకాలి దగ్గర అరిగిన గుడ్డని ఎక్కడ పెట్టారు, గట్టి గుడ్డని ఎక్కడ పెట్టారు అన్న తెలివి రంగుల పొందికలో కలిసిపోతుంది.

ఆలిస్ వాకర్ 1973 నాటి కథ ‘ఎవ్రీడే యూజ్’ మీలో చాలామంది చదివే ఉంటారు, లేదా సిలబస్‌లో బలవంతాన చదివి ఉంటారు. పట్నంలో చదువుకున్న పెద్దకూతురు ఇంటికొచ్చి అమ్మమ్మ క్విల్టులు గోడకి తగిలించుకుంటానంటుంది. చెల్లెలు మ్యాగీకిస్తే రోజూ కప్పుకుని చింపేస్తుందని ఆమె భయం. మనవాళ్లు ఈ కథని వారసత్వం, వాడకం అంటూ చర్చిస్తారు. అసలు మాట తల్లి అంటుంది. చిరిగితే మ్యాగీ మళ్లీ కుట్టుకుంటుంది, ఆమెకి కుట్టడం వచ్చు అని. ఆ ఇంట్లో వారసత్వం క్విల్టులో లేదు, మ్యాగీ వేళ్లలో ఉంది. మన సాహిత్యం ఆ పెద్దకూతురు వైపు నిలబడి గోడలో మేకు కొడుతోంది.

నాకు వచ్చే జవాబు తెలుసు. కవిత్వం లేకపోతే బొంత గుర్తు కూడా ఉండేది కాదు, నీకు పెద్దమ్మకి ఫోన్ చేయాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది అని. వాదనలో బలముంది. ఆ కవితల్లో ఒకటి రెండు నన్ను కదిలించాయి కూడా, ఏడిపించాయి కూడా. కానీ ఏడ్చాక ఏం చేయాలి? కవిత చదివి ముగించిన పాఠకురాలు అటక మీద బొంతని తీసి వాసన చూసి, ఫొటో తీసి, మళ్లీ అటక మీద పెడుతుంది. పెద్దమ్మ వయసు డెబ్బై దాటింది. ఆమె పోయిన రోజు మనం రాయబోయే ఎలిజీ నాకు ఇప్పుడే కనిపిస్తోంది, అందులో సూది ఉంటుంది, దారం ఉంటుంది, తెగిపోయిన దారం తప్పకుండా ఉంటుంది. బెత్తెడా జానెడా అన్నది ఉండదు.

ఇంకో రకం వాళ్లున్నారు, వాళ్లతోనూ నాకు పడదు. ఆదివారం వర్క్‌షాప్ పెట్టి, తలకింతని ఫీజు తీసుకుని, కొత్త గుడ్డ ముక్కలతో ‘స్లో లివింగ్’ నేర్పేవాళ్లు. అందులో కుట్టే ప్రతి ఒక్కటీ కుషన్ కవరే. ఎవరికీ చలి లేదు. చలి లేని చోట బొంత గురించి ఏ అబద్ధమైనా చెల్లుతుంది. కొండ మీద రాత్రి రెండింటికి వీపు కింద గాలి దూరినప్పుడు చెల్లదు. నా కింది బొంత అందంగా లేదు. గుడ్డ జారుడుకి ఒక పక్క కుట్టు పాములా పోయింది. అయినా వెచ్చగా ఉంది. పెద్దమ్మకి వీడియోలో చూపిస్తే రంగు సంగతి ఎత్తలేదు, డాట్ల దగ్గర వేలు పెట్టి లాగి చూపించమంది.

కాబట్టి నేనడిగేది ఇది. బొంత మీద ఒక పదేళ్లు కవితలు ఆపండి. మీ అమ్మమ్మో నాయనమ్మో పెద్దమ్మో ఉంటే, ఆమె కుడుతుంటే పక్కన కూర్చుని టేపు పట్టి కొలవండి, ఆమె మాటల్లోనే రాయండి, రాసి వెబ్ పత్రికలకి పంపండి. సంపాదకులు ‘ఇది సాహిత్యమా’ అని అడిగితే వ్యవసాయ పదకోశం సంపుటం చూపించండి. నేను రాసుకోవడం మొదలుపెట్టాను. పెద్దమ్మ చెప్పిన మొదటి పేజీ ఇది, నా మాటలు తక్కువ చేసి పెడుతున్నాను:

అడుగున పాలిస్టర్ చీర. దుమ్ము పట్టదు, తొందరగా ఆరుతది. ఒంటికి తగిలే దిక్కు నూలు చీర, ఎంత పాతదైతే అంత మంచిది, కానీ చిట్లినది వద్దు. నడుమ పాత ధోతులు, లుంగీలు, చిరిగిన దుప్పట్లు. లోపలి వాటికి అంచు పట్టీలు చించి తీసెయ్యాలె, లేకపోతే గీతలు గీతలు లేస్తది. చించిన పట్టీలు పారెయ్యద్దు, మీది అంచుకు పనికొస్తయ్. అన్నీ ఉతికి, గంజి పోయేదాక పిండి, ఎండల ఆరబెట్టి, అప్పుడు పరచాలె. పరచంగ నాలుగు దిక్కుల నలుగురు పట్టి గుంజాలె. ఇద్దరే ఉంటే నాలుగు మూలల రాళ్లు పెట్టాలె. కుట్టు అంచు నుంచి మొదలు పెట్టి చుట్టూ తిరుగుకుంట నడిమికి రావాలె. నడుమ మొదలు పెడితే గుడ్డ బయటికి పాకుతది, అంచులు సమానం రావు. సూది పెద్దది, దారం రెండు పేటలు. దారానికి మైనం రుద్దాలె. మైనం లేకుంటే ఏం రుద్దాల్నో అడిగిన, రేపు చెప్తనన్నది.